తొమ్మిది పొద్దుల సామలు

2004 అక్టోబర్ 27, బుధవారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా హాస్టల్లో మొదటిసారి సామల ఉప్మా వడ్డించారు. తినడానికి కూర్చున్నది ఎనభై నాలుగు మంది ఆడపిల్లలు. అందులో అరవై ఒక్క మంది దాన్ని నోట పెట్టలేదు. ఆ సంగతి నాకు తెలియడానికి ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. ఎందుకు పెట్టలేదో తెలియడానికి ఇంకో మూడు రోజులు. ఆ ఏటి డైరీ నా దగ్గరే ఉంది. తేదీలూ తూకాలూ అందులో చూసే రాస్తున్నాను.

మధిర దగ్గర ఇరవై ఆరేళ్ళు జీవశాస్త్రం చెప్పి, ఆ జూన్‌లో బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. జూలూరుపాడు దాటాక చేలు తగ్గి చెట్లు ఎక్కువయ్యే చోట, రోడ్డుకు అర కిలోమీటరు లోపల మా బడి, దాని వెనకే హాస్టల్. పాఠాలు చెప్పడంతో పాటు వార్డెన్ పని కూడా నాదే. పిల్లల్లో అరవై ఒక్క మంది కోయ గూడేల వాళ్ళు, ఇరవై ముగ్గురు తండాల వాళ్ళు.

ఆగస్టులో డాక్టరమ్మ వచ్చి అందరికీ రక్తం పరీక్ష చేసింది. సగానికి పైగా పిల్లలకు రక్తం తక్కువుంది. అందరికంటే తక్కువ పదో తరగతి చదివే ఒక కోయ పిల్లకు. వాళ్ళ గూడెంలో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అదే. డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది.

"మాత్రలు ఇస్తాను. కానీ పొద్దున పూట తెల్ల బియ్యం కిచిడీ ఒక్కటే పెడితే లాభం లేదు. డిసెంబర్ ఆఖరులో మళ్ళీ చూస్తాను. ఈ పిల్ల కోలుకోకపోతే ఇంటికి పంపక తప్పదు, టీచర్ గారూ. ఇక్కడ కళ్ళు తిరిగి పడిపోతే ఎవరు చూస్తారు?"

ఇంటికి పోయిన పిల్ల మార్చి పరీక్షకు తిరిగి రాదు. రెండు నెలల్లోనే ఆ మాత్రం నాకు అర్థమైంది. అందుకని కూర్చుని ఏడు రోజులకు పట్టిక వేశాను. సోమవారం జొన్న రవ్వ ఉడికించిన గటక, మజ్జిగ. మంగళవారం రాగి జావ, బెల్లం, పిడికెడు పల్లీలు. బుధవారం సామల ఉప్మా. గురువారం జొన్న రొట్టె, పప్పు. శుక్రవారం ఎర్ర గోధుమ రవ్వ. శనివారం సామలు, పెసరపప్పు కలిపి కిచిడీ. ఆదివారం రాగి సంకటి. పిల్లకు అరవై గ్రాముల గింజ. పై ఆఫీసు వాళ్ళు డిసెంబర్ 31 దాకా పెట్టి చూడమన్నారు. పిల్లలు బరువు పెరిగితే పట్టిక ఉంటుంది, లేకపోతే మళ్ళీ బియ్యమే.

పట్టిక చూసి ముందుగా నవ్వింది వంటమ్మ. కారేపల్లి నుంచి వచ్చి హాస్టల్లోనే ఉండి వండే మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న.

"ఎనభై నాలుగు మందికి జొన్న రొట్టెలా? నాకు రెండే చేతులున్నయ్ మేడం. ఇంకో జత కూడ ఇండెంట్‌ల రాయుర్రి."

"రొట్టె వారానికి ఒక్కసారే కదమ్మా."

"ఒక్కసారే సచ్చిపోత తియ్యుర్రి" అని నవ్వుకుంటూ పోయింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పాత వార్డెన్ దగ్గర ఆమె తన ఇష్టం వచ్చినట్టు నడిపిందని ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి స్టోరు తాళంచెవి నా కొంగుకే కట్టుకున్నాను.

సరుకులు వేసే ఆయన మీదా నాకు నమ్మకం లేదు. మొదట ఆయన తెచ్చిన సామలు నీళ్ళలో పోస్తే గుప్పెడు పురుగులు తేలాయి. పైగా తెల్లగా మిలమిలలాడుతున్నాయి. మిల్లులో రెండుసార్లు పట్టించి పైపొరంతా గీకేసిన గింజ అది. ఆ పొర కోసమే కదా ఇదంతా. మూట వెనక్కి పంపి, పాతవి ముట్టననీ, ఈ ఏటి పంటే కావాలనీ, పొట్టు మాత్రమే తీయాలనీ కాగితం మీద రాసిచ్చాను. దసరా సెలవులు అయ్యాక కల్లూరు నుంచి కొత్తవి తెచ్చాడు. తెల్లగుడ్డ మీద పోసి రుద్ది చూశాను. గుడ్డకు గోధుమరంగు అంటింది. నలిపితే గడ్డివాసన వచ్చింది. అప్పుడు గానీ సంతకం పెట్టలేదు.

27 పొద్దున వడ్డన అయ్యాక హాలు మధ్యలో నిలబడి నేనే చెప్పాను. "ఈ సామలు పురుగు పట్టిన పాత సరుకు కాదు. ఈ ఏటి పంట, కోసి పదిహేను రోజులు కాలేదు. కొత్త సామలు. మీ కోసం పట్టుబట్టి తెప్పించాను."

హాలు ఒక్కసారిగా చప్పబడింది. క్రమశిక్షణ అనుకున్నాను. ఆఫీసు గదిలోకి వచ్చి టీ తాగాను. అరగంట తర్వాత పళ్ళేలు చూస్తే ఎనభై నాలుగూ ఖాళీ.

అలా రెండు వారాలు గడిచింది. పళ్ళేలు ఖాళీగానే వస్తున్నాయి. అయితే బుధవారం, శనివారం రెండో పీరియడ్‌లో పిల్లలు బల్లల మీద వాలిపోతున్నారు. మిగతా రోజుల్లో అలా లేరు. తిన్న పిల్లలు వాలిపోరు. కాబట్టి ఆ రెండు రోజులూ కడుపునిండా పడటం లేదు. గింజ నేనే తూచి ఇస్తున్నాను, ఐదు కిలోల నలభై గ్రాములు. తూకం సరిగ్గా ఉండి కడుపు నిండలేదంటే మధ్యలో ఎక్కడో పోతోంది. మధ్యలో ఉన్నది వంటగది. జొన్నలూ రాగులూ ఎవరింట్లోనైనా ఉంటాయి, సామలకే బయట గిరాకీ అనుకున్నాను. ఇంత పొందికగా కుదిరిన లెక్కను అనుమానించాలని నాకు తోచలేదు.

నవంబర్ 9న బరువులు చూశాను. ఇరవై ముగ్గురు అర కిలో నుంచి కిలో దాకా పెరిగారు. అరవై ఒక్క మంది పెరగలేదు. పదో తరగతి పిల్ల ముప్పై నాలుగు కిలోల నుంచి ముప్పై మూడు కిలోల ఏడు వందలకు దిగింది. మర్నాడు బుధవారం వంట అయ్యాక, వంటమ్మ సంచి తెచ్చి బల్ల మీద పెట్టమన్నాను. అందులో ఒక చీర, దువ్వెన, ఆకులు, వక్కలు. అయినా తూచాను.

"సంచి తూకం ఏసిర్రు" అంది వంటమ్మ. "నన్ను కూడ ఎక్కించుర్రి మేడం. మింగిందేమన్న ఉంటే బయటపడతది."

ఆమె సంచి తీసుకుని, ఆ రోజు నుంచి నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. తప్పు చేసిన మనిషి అలాగే ముడుచుకుంటుందని డైరీలో రాసుకున్నాను. ఆ మాట ఇప్పటికీ అక్కడ ఉంది, కొట్టివేయలేదు.

తర్వాతి అనుమానం పెరిగిన ఇరవై ముగ్గురి మీదికి పోయింది. అందరూ తండా పిల్లలే. బలంగా ఉన్నవాళ్ళు మెతకవాళ్ళ పళ్ళెంలోంచి లాక్కుంటున్నారేమో. తొమ్మిదో తరగతి తండా పిల్లను ఒకదాన్ని పిలిచి అడిగాను.

"మేం గుంజుకుంటలేం మేడం. ఆళ్ళే ఇస్తుర్రు."

"ఊరికే ఎందుకిస్తారు?"

"ఏమో. తినమంటరు. మాకూ ఎక్కువైతంది. నిన్న నాకు మూడు పళ్ళేలు. కడుపుల రాయి పడ్డట్టుంది." ఆ పిల్ల పొట్ట పట్టుకుని చూపించింది. అబద్ధాలకోరు అనుకున్నాను. అప్పటికే స్నానాల గదుల వెనక తిరిగే రెండు కుక్కలు మెడ కనిపించనంత బలిసి ఉన్నాయి. అవి లేవలేక పడుకుని ఉండటం రోజూ చూస్తూనే ఉన్నాను. మనుషుల సంచులు తూచిన నేను ఆ కుక్కలెందుకు బలిశాయని అడగలేదు.

23న మళ్ళీ బరువులు. పదో తరగతి పిల్ల ముప్పై మూడు కిలోల నూరు గ్రాములు. దాని కంటి కింది రెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంది. "ఒంట్లో ఎలా ఉంది?" అంటే "మంచిగనే ఉంది మేడం" అంది. నెలలో తొమ్మిది వందల గ్రాములు తగ్గిన మనిషి మంచిగా ఎట్లా ఉంటుంది? ఇంటికి పోవాలని కావాలనే మాడుతోందా అని కూడా అనుకున్నాను.

మర్నాడు 24, బుధవారం. వడ్డన కాగానే ఆఫీసు గదికి పోతున్నట్టు పోయి, చుట్టు తిరిగి స్నానాల గదుల వెనక్కి వచ్చాను. ఏడు నలభై అయింది. గోడవారగా ఆరో తరగతి పిల్లలు ఐదుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఎదురుగా పదో తరగతి పిల్ల. ఒడిలో స్టీలు డబ్బా. డబ్బాలో అన్నం. రాత్రి వండిన అన్నం, పచ్చిపులుసుతో కలిపింది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముద్ద పెడుతోంది. పక్కన బకెట్ నిండా సామల ఉప్మా.

"ఈ అన్నం ఎక్కడిది?"

లేచి నిలబడింది.

"నేను అడిగేది నిన్నే. ఎక్కడిది?"

చిన్నపిల్ల ఒకతె ఏడుపు మొదలుపెట్టింది. పదో తరగతి పిల్ల డబ్బా మూత పెట్టి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. నన్ను చూడలేదు.

ఉప్మా పారబోత, దొంగ అన్నం, రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి. నెలంతా పట్టుకోలేని దొంగ దొరికిందనుకున్నాను. దొంగ అనుకున్నది నేనే, కాగితం మీద నిరూపణ చేసుకున్నదీ నేనే. తొమ్మిది గంటలకు ప్రార్థన దగ్గర బడి మొత్తం ముందు ఆ డబ్బా ఎత్తి చూపించాను. "మీ అందరికంటే పెద్దది, దొంగతనం నేర్పుతోంది. పెట్టింది తిననివాళ్ళు ఇంటికి పోవచ్చు" అన్నాను. వాళ్ళ నాన్నను రమ్మని అటువైపు పోయే ఆర్టీసీ బస్సు కండక్టరుతో కబురు పంపాను.

27, శనివారం పొద్దున ఆరున్నరకు వాళ్ళ నాన్న వచ్చాడు. వంటగదిలో ఎసరు ఇంకా పెట్టలేదు. పద్నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషి. కాళ్ళు కడుక్కుని, వరండా మెట్టు మీద కూర్చున్నాడు. కూతురు స్తంభం దగ్గర నిలబడింది. నేను డైరీ తెరిచి తారీఖుల ప్రకారం అన్నీ చదివాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక అన్నాడు.

"అన్నం దానిదే మేడం. రాత్రి దానికి పెట్టింది అది తినకుంట దాసింది. చిన్నపిల్లలు పొద్దుగాల ఖాళీ కడుపుతోని ఉండలేరని."

"ఖాళీ కడుపు ఎందుకు? ఉప్మా ఉంది కదా."

"మా ఊర్ల ఇంక కొత్త కాలే."

నాకు అర్థం కాలేదని ఆయనకు తెలిసింది. నిదానంగా చెప్పాడు. "కొత్త పంట వస్తే ముందుగాల వేల్పుకు పెట్టాలె. పెట్టినంక ఊరందరం ఒక్కనాడే తింటం. గదే కొత్త పండుగ. అప్పటిదాక ఎవ్వరం ముట్టం, మా గూడేలల్ల అందరం గంతే. వేల్పుకు మొక్కే పెద్దాయనే జెయ్యాలె. ఆయన జరం వచ్చి మంచంల పడ్డడు. లేచినంక చేస్తం."

"ఇవి మీ ఊళ్ళో పండినవి కాదు. కల్లూరువి."

"యాడ పండినా కొత్తయి కొత్తయే గద మేడం."

"ఇవి కొత్తవని వాళ్ళకెలా తెలిసింది?"

అప్పుడు మాత్రం ఆయన కొంచెం నవ్వాడు. "మీరే చెప్పిర్రంట. చెప్పకపోతే తినేటోళ్ళు. తెల్వక తింటే తప్పు లేదు మాకు. పాత సామలు మా ఇంట్ల గుమ్మి నిండ ఉండె. ఒక్క మాటంటే మోసుకొచ్చేటోన్ని."

నేను పిల్ల వైపు తిరిగాను. "ఈ మాట నాతో నువ్వు చెప్పొచ్చు కదా?"

"చెప్తే నవ్వుతరు."

జులైలో పదో తరగతికి నేనొక ఇంటిపని ఇచ్చాను, మీ ఊళ్ళోని మూఢనమ్మకాలు పది రాసి తెమ్మని. ఒక పిల్ల కాగితం పైకి చదివాను, చదువుతూ నవ్వాను, క్లాసంతా నవ్వింది. ఏం రాసిందో డైరీలో లేదు. ఎవరి కాగితమో మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మ కూడా కొత్త బియ్యం వండిన రోజు దేవుడి ముందు పెట్టకుండా మాకు పెట్టేది కాదు. మేమూ ఆకలితో కూర్చుని ఎదురుచూసేవాళ్ళం. దాన్ని నేను ఎప్పుడూ ఆ పదింటిలో వేసుకోలేదు.

తప్పు నాదేనన్నాను, పిల్ల ముందే. పండుగ అయ్యేదాకా సామలు వండొద్దని చెప్పాను. ప్రార్థన దగ్గర అందరి ముందూ చెబుతానన్నాను. సోమవారం చెప్పాను కూడా. కానీ శనివారం ఎనిమిదింటికే ఆ పిల్ల రేకు పెట్టె సర్దుకుని బయటికి వచ్చింది. డబ్బా మాత్రం వంటగది గట్టు మీద కడిగి బోర్లించి పోయింది. "నేను ఉండమంటున్న మేడం, అదే ఉండనంటంది" అన్నాడు వాళ్ళ నాన్న. పెట్టె తల మీద పెట్టుకున్నాడు. ఇద్దరూ రోడ్డు మీద కనిపించినంతసేపు నిలబడ్డాను.

వంటమ్మ నా వెనకే ఉంది.

"నీకు తెలుసా ఈ సంగతి?" అన్నాను.

"అవ్. ఎరికే."

"మరి చెప్పలేదేం?"

"సంచి చూసిర్రు గని, నన్ను అడిగిర్రా?"

నవంబర్ 30న ఆమె కూడా కారేపల్లి వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన మనిషికి జొన్న రొట్టె తట్టడం రాదు.

డిసెంబర్ 8న గూడెంలో కొత్త పండుగ అయిందని తెలిసింది. 12, ఆదివారం, ఇనుము మాత్రల డబ్బా, పదో తరగతి పుస్తకాలు రెండు పట్టుకుని వెళ్ళాను. బస్సు దిగి అడవిలో గంటన్నర నడక. వాళ్ళమ్మ మంచం వాల్చింది. పిల్ల జూలూరుపాడు వైపు పత్తి ఏరడానికి పోయిందట. మధ్యాహ్నం మూడింటికి వచ్చింది, జుట్టు నిండా పత్తి. నన్ను చూసి ఆగి, తర్వాత లోపలికి పోయి చేతులు కడుక్కుని వచ్చింది. అడ్డాకు దొప్పలో సామల గటక తెచ్చి నా ముందు పెట్టింది. రోట్లో దంచిన గింజ, గోధుమరంగు పొర అలాగే ఉంది. మిల్లువాడికి కాగితాలు రాసిచ్చి నేను అడిగిన గింజ అది.

"తినుర్రి. కొత్తయే. ఇప్పుడు తినొచ్చు."

తిన్నాను. అరవై గ్రాముల పైనే ఉంటుంది.

"నువ్వు తిన్నావా?"

"మస్తు తింటున్న" అంది. ముఖం నిజంగానే కొంచెం తేరుకుంది. తూచడానికి నా దగ్గర ఏమీ లేదు.

"రేపు నాతో రా బిడ్డా. మార్చి ఎంతో దూరం లేదు."

"పరీక్ష రాయాలనుంది మేడం. హాస్టల్ల ఉండాలని లేదు."

"రోజూ పద్నాలుగు కిలోమీటర్లు ఎలా వస్తావు?"

"రాలేను." కాసేపు పత్తి పోగులు జుట్టులోంచి తీసుకుంటూ కూర్చుంది. "ఆ అన్నం నాదే మేడం. అడిగినప్పుడు నాదే అని చెప్పనుండె. మీరు నమ్మరని చెప్పలే."

నమ్మేదాన్ని అని అనబోయాను. అబద్ధం అవుతుంది. అందుకని అనలేదు. మాత్రల డబ్బా ఇచ్చాను, పుస్తకాలు ఇచ్చాను. డబ్బా తీసుకుంది. పుస్తకాలు వాళ్ళమ్మ తీసి చూరులో దోపింది. ఐదున్నర బస్సు అందుకోవాలని లేచాను. రోడ్డు దాకా ముందు నడిచి దారి చూపించింది. బస్సు ఎక్కాక వెనక్కి చూస్తే ఇంకా అక్కడే ఉంది.

డిసెంబర్ ఆఖరులో డాక్టరమ్మ వచ్చి, అడిగిన పేరుకు మనిషి లేకపోతే "పంపించేశారా?" అంది. "నేనే పంపించాను" అన్నాను. కొత్త పండుగ అయ్యాక పిల్లలంతా సామలు తిన్నారు, నెలాఖరుకు బరువులు కూడా కొద్దిగా లేచాయి. కానీ ఆఫీసు వాళ్ళు మూడు తూకాల సగటు చూశారు, నెలాఖరుది ఒక్కటే కాదు. జనవరి నుంచి మళ్ళీ బియ్యం కిచిడీ.

మార్చిలో పరీక్ష హాలు దగ్గర ఆ పిల్ల నంబరున్న బల్ల ఖాళీగా ఉంది. రెండో రోజూ చూశాను. మూడో రోజు చూడలేదు.

పోయినవి ఇవి. తొమ్మిది పొద్దుల్లో ఉడికిన సామలు నలభై ఐదు కిలోల మూడు వందల అరవై గ్రాములు. అందులో అరవై ఒక్క మంది వంతు ముప్పై రెండు కిలోల తొమ్మిది వందల నలభై. తండా పిల్లల కడుపులోకి ఎంత పోయిందో, కుక్కలకు ఎంత పోయిందో విడదీయలేను. పస్తులు ఐదు వందల నలభై తొమ్మిది పూటలు. పదో తరగతి పిల్ల తినకుండా దాచిన రాత్రి అన్నం ఎనిమిది రాత్రులది. మొదటి వడ్డనకు ముందు రాత్రి అవి కొత్తవని దానికింకా తెలియదు. దాని ఒంటి బరువు తొమ్మిది వందల గ్రాములు. జొన్న రొట్టె తట్టే మనిషి ఒకరు. ఏడు రోజుల పట్టిక ఒకటి. పదో తరగతి పరీక్ష ఒకటి.